రాయి నిలబడ్డ చోటు

మిడుతూరులో చేసిన స్మారక ఉపన్యాసం



ఈ సభ ఎవరి జ్ఞాపకానికో ఆయన ఫొటో నా వెనక ఉంది, పేరు బ్యానరు మీద ఉంది. నేను మాత్రం ఆ పేరు పలకను. ఊళ్లో ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. అయ్యవారంటే ఆయనే. పిల్లలకు ఎక్కాలు నేర్పటం ఆయన ఉద్యోగం. ఆదివారం పూట పొలాల గట్ల వెంట తిరిగి పాత రాళ్లు వెతకటం ఆయన పిచ్చి. ఆ పిచ్చికి తోడుగా ఆయన ఎంచుకున్నది చరిత్ర చదివినవాణ్ణి కాదు, నన్ను. సర్వే శాఖలో గొలుసు లాగి, క్రాస్‌స్టాఫ్ మోసి రిటైరైనవాణ్ణి. "నీకు రాయి కనిపిస్తే ముందు ఏం చూస్తావు?" అని ఒకసారి అడిగారు. "ఉండాల్సిన చోట ఉందా లేదా అని చూస్తాను అయ్యవారూ" అన్నాను. "చాలు. మిగతాది నేను చూసుకుంటాలే" అన్నారు.

అందుకే శిల్పాల మీద మాట్లాడమని కమిటీ వాళ్లు వచ్చి అడిగితే కాదనలేకపోయాను. నాకు తెలిసిన శిల్పశాస్త్రం ఆ ఒక్క ప్రశ్నే. సర్వే రాయి అందంగా ఉందా, నునుపుగా ఉందా అని ఎవరికీ పట్టదు. పాతిన చోటి నుంచి మూరెడు జరిగిందంటే మాత్రం రెండు ఇళ్లవాళ్లు ఇరవై ఏళ్లు కోర్టు చుట్టూ తిరుగుతారు. కదలనంత కాలం అది సాక్షి. కదిలిందా, ఉత్త బండ. దేవుడి రాయికి, వీరుడి రాయికి కూడా ఇదే లెక్క వర్తిస్తుందా అన్నది ఈ పూట నేను మీ ముందు పెట్టదలచిన సంగతి.

ఎక్కడో జపాన్‌లో మొదలుపెడతాను, ఓపిక పట్టండి. మా అమ్మాయి ఉద్యోగం ఫుకువోకాలో. రిటైరయ్యాక ఒక వేసవి అక్కడికి వెళ్లాను. నెల రోజులు అపార్టుమెంటులో కూర్చోలేక, ఎక్కడైనా పల్లెటూరు చూపించమ్మా అంటే కునిసాకికి తీసుకెళ్లింది. క్యూషూ దీవికి ఈశాన్య మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన గుండ్రటి నేల అది. నడుమ ఒక కొండ, ఆ కొండ నుంచి బండి చక్రం ఆకుల్లా నలుదిక్కులా దిగిన లోయలు. ప్రతి లోయలో వరిమళ్లు, చిన్న చిన్న చెరువులు, చెరువు పైన అడవి, అడవిలో గుడి. వానలు తక్కువగా పడే చోటు కావటంతో అక్కడి రైతులు చెరువుల్ని ఒకదానితో ఒకటి కాలువలు తీసి కలుపుకున్నారు. ఆ చెరువులు 1,200 దాకా ఉంటాయట. ఆ సేద్యం తీరుకు 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ ప్రపంచ వ్యవసాయ వారసత్వ గుర్తింపు కూడా ఇచ్చింది. గొలుసుకట్టు చెరువుల నేలలో పుట్టినవాణ్ణి, నాకు అక్కడ పరాయితనం తోచలేదు.

ఆ అడవిలో కుమానో అనే చోట కొండ చరియకు చెక్కిన రెండు పెద్ద రూపాలున్నాయి. అక్కడికి ఎక్కే మెట్లు మెట్లలా ఉండవు. ఎవరో బండరాళ్లను బుట్టల కొద్దీ కుమ్మరించి పోయినట్టుంటాయి. దానికో కథ చెబుతారు. మనుషుల్ని తినటానికి అనుమతి కావాలని ఒక ఎర్ర రాక్షసుడు అక్కడి దేవుణ్ణి అడిగాడట. ఒక్క రాత్రిలో నూరు మెట్లు కడితే సరేనన్నాడట దేవుడు. ఎలాగూ కట్టలేడులే అని ధీమా. తొంభై తొమ్మిది అయ్యేసరికి దేవుడికి భయం పట్టుకుని కోడిలా కూశాడట. తెల్లారిందనుకుని రాక్షసుడు పారిపోయాడు. ఆ మెట్లు ఎక్కుతుంటే రాక్షసుడి పనితనం మోకాళ్లకు బాగానే తెలిసొచ్చింది.

పైన చూస్తే కుడిపక్కన బుద్ధుడి రూపం, 7 మీటర్లకు కాస్త తక్కువ. జపాన్ వాళ్లు దైనిచి అంటారు, సంస్కృతంలో మహావైరోచనుడు. ఎడమపక్కన దాదాపు 8 మీటర్ల ఎత్తున ఇంకో మూర్తి. ఆయన పేరు ఫుదో. మామూలుగా ఫుదోను కోరలతో, మంటలతో, కోపంగా చేస్తారు. ఇక్కడ మాత్రం గంభీరంగా ఉండబోయి నవ్వొచ్చినవాడిలా ఉన్నాడు. పేరుకు అర్థం ఏమిటని మా అమ్మాయిని అడిగాను. "కదలనివాడు నాన్నా" అంది. సంస్కృతంలో ఆయన అచలుడు. ముప్పై ఏళ్లు కదలని రాళ్ల కోసం ఎండలో తిరిగినవాడికి, కదలకపోవటమే పేరైన దేవుడు చివరికి అక్కడ దొరికాడు. అయ్యవారు పక్కన ఉండుంటే ఏమనేవారో అనిపించింది.

పన్నెండో శతాబ్ది ప్రాంతంలో చెక్కిన మూర్తులవి. కొండ నుంచి విడదీయకుండా కొండలోనే చెక్కినవి. జపాన్‌లో ఇలాంటివి ఎక్కువ భాగం ఆ ఒయితా జిల్లాలోనే ఉన్నాయి. కారణం భక్తి ఒక్కటే అనుకోకండి. అసో అగ్నిపర్వతం ఎప్పుడో కక్కిన బూడిద అక్కడ గట్టిపడి రాయైంది. మెత్తటి రాయి, ఉలికి ఇట్టే లొంగుతుంది. అంతే తేలిగ్గా వానకూ లొంగుతుంది. అదే జిల్లాలో ఉసుకి అనే చోట అరవై దాకా మూర్తులు ఇలాగే కొండ చరియలో ఉన్నాయి. వాటిలో పెద్ద దైనిచి విగ్రహం తల ఊడిపోయి, ఎన్నో ఏళ్లు తన మొండెం ముందే నేల మీద కూర్చుంది. జనం ఆ నేల మీది తలకే అలవాటుపడ్డారు. 1993లో దాన్ని మళ్లీ మెడ మీదికి ఎత్తారు. 1995లో వాటిని జాతీయ సంపదగా ప్రకటించారు. జపాన్ భాషలో ఉద్యోగం పోవటాన్ని మెడ తెగటం అంటారట. తెగిన మెడ అతికిన దేవుడు కాబట్టి, ఉద్యోగం ఊడకుండా చూడమని ఇప్పుడు ఆయనకు మొక్కుకునేవాళ్లున్నారు. మొక్కులకు కారణాలు వెతుక్కోవటంలో మనకూ వాళ్లకూ పెద్ద తేడా ఏం లేదు.

నన్ను నిజంగా ఆపింది ఈ పెద్ద మూర్తులు కాదు. ఊరికి ఊరికి నడుమ, మడి గట్టు మలుపులో, మోకాలెత్తున నిలబడ్డ గుండు రాళ్లు. జిజో అంటారు. సంస్కృతంలో క్షితిగర్భుడు, అంటే భూమిని గర్భాన దాచుకున్నవాడు. పిల్లలకు, బాటసారులకు కాపు. ముఖం అరిగిపోయి, కన్నూ ముక్కూ తెలియకపోయినా మెడలో ఎర్రగుడ్డ మాత్రం కొత్తగా ఉంటుంది. పసిబిడ్డకు చొల్లు కారకుండా కట్టే గుడ్డ అది. ఎవరు కడతారు అని అడిగితే, పక్కింటివాళ్లు కడతారన్నారు. ఏ పక్కిల్లు? ఏ రాయికి దగ్గర ఏ ఇల్లుంటే ఆ ఇల్లు. దానికి కమిటీ లేదు, హుండీ లేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లి కట్టిందీ ఉంటుంది, ఊరికే అలవాటు కొద్దీ ముసలమ్మ కట్టిందీ ఉంటుంది.

అంతా సుఖంగానే సాగిందని కాదు. 1868లో కొత్త ప్రభుత్వం షింతో వేరు, బౌద్ధం వేరు అని ఉత్తర్వు తెచ్చింది. వెయ్యేళ్లుగా ఒకే ప్రాంగణంలో కలిసున్న దేవుళ్లను విడదీశారు. ఆ ఊపులో గుళ్లు కూల్చారు, రాతి బుద్ధుల తలలు పగలగొట్టారు. దారి పక్క జిజోలకూ దెబ్బలు తగిలాయి. తర్వాత తలపోయిన జిజో మెడ మీద ఎవరో ఏటి గుండు ఒకటి తెచ్చిపెట్టి, దానికే ఎర్రగుడ్డ కట్టటం నేను చూశాను. ఆ గుండుకు కళ్లూ లేవు, ముక్కూ లేదు. అయినా అది జిజోనే. ఎందుకంటే ఆ మలుపు దాని చోటు.

ఇంకో సంగతి చెప్పి జపాన్ నుంచి బయల్దేరుతాను. షికోకు దీవి చుట్టూ 88 గుళ్ల యాత్ర ఉంది. పాదయాత్ర చేస్తే 1,200 కిలోమీటర్ల నడక. నకత్సుకా మోహే అనే మనిషి, 1845లో పుట్టి 1922లో పోయాడు, ఆ చుట్టు 280 సార్ల దాకా తిరిగాడు. తిరుగుతూ తిరుగుతూ, దారి తప్పేచోటల్లా చెయ్యి చూపిస్తున్న గుర్తు చెక్కించి రాళ్లు పాతించాడు. రెండు వందలకు పైగా. పూజారి కాదు, శిల్పి కాదు. నా లెక్కలో ఆయన సర్వేయరు.

ఇక మన దారికి వద్దాం. మనకూ ఒక యాత్ర ఉంది. ఉగాదికి నెల ముందు నుంచీ నందికొట్కూరు, ఆత్మకూరు రోడ్ల మీద కన్నడ భక్తులు బారులు తీరి నడవటం మీరంతా చూసిందే. మజ్జిగ, కలింగర ముక్కలు పెట్టిందీ మీరే. ఆత్మకూరు దాటాక నాగలూటి, పెద్దచెరువు, భీముని కొలను, కైలాసద్వారం, ఆపైన శ్రీశైలం. ఆ దారి మెట్లలో రెడ్డిరాజ్యం నిలబెట్టిన ప్రోలయ వేమారెడ్డి వేయించినవి ఉన్నాయి. పద్నాలుగో శతాబ్ది మాట. నేను ఆ దారిన మూడుసార్లు నడిచాను. ఎక్కడ మనిషి అలిసిపోతాడో సరిగ్గా అక్కడే ఒక రాతి మండపమో, ఒక వీరభద్రుడో, ఒక కోనేరో ఎదురవుతుంది. ఎవరు ఏర్పాటు చేశారో గానీ, అరికాళ్లతో కొలిచి పెట్టినట్టుంటుంది.

ఆ దారి చివర శ్రీశైలం ప్రాకారం. లోపలి దేవుడి కోసం హడావుడిగా వెళ్లేవాళ్లం కాబట్టి మనం ఆ గోడను చూడం. దాని చుట్టూ వరసలు వరసలుగా ఏనుగులు, గుర్రాలు, వేటలు, కుస్తీలు, కాళ్లు మెలేసిన సిద్ధులు, తన కన్ను తానే పెకలిస్తున్న కన్నప్ప. ఆ గోడను శ్రద్ధగా చూసి రాసిన తొలి తెల్లదొర మా వృత్తివాడే అని చెప్పుకోవటం నాకు సరదా. కోలిన్ మెకంజీ, 1794లో వచ్చాడు. అప్పటికి ఆయన నిజాం దగ్గరున్న కంపెనీ పటాలంలో సర్వే పని చూసే ఇంజనీరు. శ్రీశైలం గుడి గురించి ఆయన రాసింది తర్వాత ఏషియాటిక్ రిసెర్చెస్‌లో అచ్చయింది. 1815లో ఆయనే భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. నేల కొలిచేవాడు గోడ మీద బొమ్మలు ఎందుకు లెక్కపెట్టాడని కొందరికి వింతగా ఉంటుంది. నాకు లేదు. రాయి కనిపిస్తే ఎక్కడుంది, ఏ దిక్కు చూస్తోంది, పక్కన ఏముంది అని రాసుకోవటం చేతికి అలవాటైపోతుంది.

ఆ అలవాటే ఆయన్ను అమరావతికి కూడా తీసుకెళ్లింది. 1797 ప్రాంతంలో మొదటిసారి చూసినప్పుడు, అక్కడి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు కొత్త ఊరి కట్టడాల కోసం బౌద్ధ స్తూపం దిబ్బ తవ్వి రాళ్లు తీస్తున్నారు. 1816లో మెకంజీ మళ్లీ మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చి, మిగిలిన రాళ్లకు బొమ్మలు గీయించి, ఏ రాయి ఎక్కడుందో పటం వేయించాడు. మన తెలుగువాళ్లు కావలి సోదరులు ఆయన కుడిభుజాలు. ఆ తర్వాత 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన పలకలు మద్రాసు చేరి, వాటిలో చాలా భాగం లండన్ దాకా వెళ్లిపోయాయి. ఇవాళ ఏ పలక స్తూపంలో ఏ వైపు ఉండేదో పండితులు తేల్చుకోవాలంటే మెకంజీ కాగితాలే దిక్కు. రాయి పోయాక కూడా దాని చోటు ఒక కాగితం మీద బతికింది.

మళ్లీ జపాన్‌కు ఒక్క అడుగు. అక్కడి బౌద్ధులు ఎనిమిది సంప్రదాయాలకు మూలపురుషుడని కొలిచే ఆచార్యుడు ఒకాయన ఉన్నాడు. ర్యూజు అంటారు. అంటే మన నాగార్జునుడే. కూకై అనే గురువు తొమ్మిదో శతాబ్ది మొదట్లో స్థాపించిన షింగోన్ శాఖలో ఒక గాథ ఉంది. దక్షిణ భారతంలో ఎక్కడో ఒక ఇనుప స్తూపం ఉందని, దాని తలుపులు తెరిచి నాగార్జునుడు మహావైరోచనుడి మంత్రశాస్త్రాన్ని అందుకున్నాడని. ఆ స్తూపం అమరావతేనని కొందరు పండితుల ఊహ. ఊహ సంగతి అలా ఉంచండి. కునిసాకి కొండ మీద నేను చూసిన దైనిచి, వాళ్ల లెక్కలో మన దక్షిణ దేశం వైపు నుంచి బయల్దేరిన దేవుడు. ఆ ముక్క అక్కడి గుడి కరపత్రంలో చదివి మా అమ్మాయి వినిపించినప్పుడు నాకు కాసేపు మాట రాలేదు. తర్వాత, మరి మన ఊళ్లో నాగార్జునుడంటే సాగర్ డ్యామే కదా గుర్తొచ్చేది అని ఇద్దరం నవ్వుకున్నాం.

మన దగ్గర బుద్ధుడి జాడ లేదనుకునేవాళ్ల కోసం ఎర్రగుడి ఉంది. జొన్నగిరి పక్కన, పత్తికొండ, గుత్తి దారిలో. 1928 ప్రాంతంలో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా ఆ రాతల సంగతి లోకానికి తెలియదు. అశోకుడి పద్నాలుగు శాసనాలూ ఉన్న బండలు దక్షిణాదిలో అరుదు, అందులో ఒకటి మనది. వాటితోపాటు చిన్న శాసనాలు కూడా ఉన్నాయి. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, ఎద్దుతో చాలు దున్ని మళ్లినట్టు. ఆ చెక్కినవాడికి ఏం తోచిందో! శాసనంలో చెప్పింది పెద్ద వేదాంతం కాదు. తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి. భేరి మోగించి ఊరూరా ఈ మాట చెప్పమని అధికారులకు ఆజ్ఞ. అంటే దండోరా. రెండువేల మూడువందల ఏళ్ల కిందటి దండోరా ఆ బండ మీద ఇంకా ఆగలేదు. అది అక్కడే ఎందుకు? దారి అక్కడ ఉంది కాబట్టి, ఆ దారిన మనుషులు పోతున్నారు కాబట్టి. పత్తికొండ దగ్గరే రాజుల మందగిరిలో ఇంకో అశోక శాసనం రామలింగేశ్వరుడి గుడి పక్కన ఉంది. బుద్ధుడి భక్తుడి రాత పక్కన శివుడి గుడి వెలిసింది, ఎవరూ ఎవరినీ తరమలేదు.

రాయి గురించి ఇంత మాట్లాడి మన రాయి గురించి చెప్పకపోతే అయ్యవారు ఊరుకోరు. మీ ఇంట్లో నేల మీద పరిచింది, పాత మిద్దెల మీద కప్పింది, బట్టలు ఉతికేది నాపరాయి. బేతంచెర్ల నుంచి లారీల్లో దేశమంతా పోతుంది. ఈ రాయీ, దాని కిందా మీదా ఉన్న రాతి పొరలకు భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేర్లు వింటే మన బస్సు రూటు బోర్డు చదివినట్టుంటుంది: బనగానపల్లె, నార్జి, ఔకు, పాణ్యం, కోయిలకుంట్ల, నంద్యాల. నార్జి ఒక్కటి కడప జిల్లా ఊరు, మిగతావన్నీ మనవే. విలియం కింగ్ అనే ఆయన 1872లో అచ్చువేసిన గ్రంథంతో ఇవి స్థిరపడ్డాయి. మొత్తానికి పెట్టిన పేరు కర్నూలు శ్రేణి. అదే శ్రేణి రాయి పలనాడులోనూ ఉంది. అమరావతి, నాగార్జునకొండ శిల్పాలు చెక్కింది ఆ పలనాటి సున్నపురాయిలోనే. అంటే లండన్ మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న ఆ పలకలు మన బట్టలుతికే బండకు జ్ఞాతులు. ఈ మాట చెప్పినప్పుడల్లా పిల్లలు పగలబడి నవ్వుతారు. నవ్వండి. సాయంత్రం ఇంటికెళ్లి ఆ బండను ఒకసారి తడిమి చూడండి.

ఇప్పుడు నా ప్రశ్న గట్టిగా గుచ్చుకునే చోటికి వస్తున్నాను. రాయి కదలకూడదు అన్నాను. మరి నీళ్లు కదిలి మీదికొస్తే?

నాగార్జునకొండ లోయలో ఇక్ష్వాకుల నాటి ఆరామాలు, స్తూపాలు, స్నానఘట్టాలు 1926లో బయటపడ్డాయి. సాగర్ కడుతున్నారని తెలిశాక 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో గబగబా తవ్వారు. దొరికినవాటిలో ముఖ్యమైనవాటిని కొండ మీదికి, అనుపుకు తరలించి తిరిగి పేర్చారు. కొండ దీవి అయింది, లోయ అడుగున పడింది. సాగర్‌కు ఎగువన శ్రీశైలం డ్యామ్ 1981లో పూర్తయింది. ఈ సభలో ముంపు ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారని నాకు తెలుసు, వాళ్లకు నేను చెప్పేదేం లేదు. ఆత్మకూరు వైపు వీరాపురంలో తవ్విన తొలినాటి ఇటుక గుళ్లు నీళ్లలో కలిశాయి. కృష్ణ, తుంగభద్ర కలిసే చోట ఉన్న కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, అలంపురం తీసుకెళ్లి మళ్లీ కట్టారు. చాళుక్యుల నాటి ఆ గుడి ఇప్పుడు పచ్చిక నడుమ శుభ్రంగా, బోర్డుతో సహా నిలబడి ఉంది. చూడముచ్చటగా ఉంటుంది. కానీ సంగమేశ్వరుడనే పేరున్న ఆ గుడి దగ్గర సంగమం లేదు.

దానికి ఎదురు ఉదాహరణ ముచ్చుమర్రి దగ్గరి మన సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాశి, ఏడు నదులు కలిసే చోటంటారు. లోపల వేపదారు లింగం. దాన్ని తరలించలేదు. ఏటా డ్యామ్ నిండితే గుడి శిఖరం కూడా కనపడదు. ఎండాకాలం నీళ్లు తగ్గితే ఒండ్రు నిండిన ముఖంతో బయటికొస్తుంది. పూజారి పడవలో పోయి శిఖరానికి పూజచేసి, నీళ్లు దిగేకొద్దీ మెట్టు మెట్టు దిగి గర్భగుడి చేరతాడు. బురద తోస్తారు, కొబ్బరికాయ కొడతారు, జాతర చేస్తారు, మళ్లీ నీళ్లకు అప్పగించి వస్తారు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు దీన్ని తెలివితక్కువతనం అనుకున్నాను. కూడవెల్లిని కాపాడుకున్నట్టు దీన్నీ కాపాడుకోవాల్సిందని వాదించాను. అయ్యవారు ఒప్పుకోలేదు. "ఆ గుడిని బతికించారు, నిజమే. ఈ గుడికి మాత్రం జనం ఎదురుచూస్తారు" అన్నారు. ఇప్పటికీ ఎవరిది సరైన మాటో నేను తేల్చలేదు. తరలించకపోతే కూడవెల్లి గోడల మీది ఆ చెక్కడం ఒండ్రు పట్టి అరిగిపోయేదే కదా.

ఇదంతా పాత రాయి. కొత్త రాయి చూడాలంటే ఆళ్లగడ్డ పోవాలి. రోడ్డు పక్కన శిల్పశాలలు, వాటి ముందు ఎండలో వరసగా దేవుళ్లు. చక్రాలవాళ్లు, బిల్వపత్రాలవాళ్లు, వాళ్ల పక్కనే చెయ్యెత్తి దండం పెడుతున్న నాయకులు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చిన పని అది. సముద్రాలకు అవతల మనవాళ్లు కట్టుకున్న గుళ్లకు కూడా ఇక్కడి నుంచే విగ్రహాలు పోతాయి. అక్కడొక పెద్ద శిల్పి దగ్గర కూర్చుని ఒక రోజంతా చూశాను. ముందు రాయిని తట్టి వింటాడు. గంటలా మోగితే పుంశిల, తాళంలా మోగితే స్త్రీశిల, మోగకపోతే నపుంసకశిల అంటారు. తర్వాత ముఖం పొడుగును ఒక తాళంగా తీసుకుని, ఆ కొలతతోనే ఒంటినంతా లెక్కకడతాడు. నవతాళమంటే తొమ్మిది ముఖాల ఎత్తు. నూరు లింకుల గొలుసుతో నేల కొలిచినవాడికి అది ఇట్టే అర్థమైంది. మా కొలతకు నేల హద్దు, వాళ్ల కొలతకు దేవుడు హద్దు, అంతే తేడా.

ఒకప్పుడు ఉలీ సుత్తీ చప్పుడు, ఇప్పుడు కట్టరు రొద. దుమ్ము తెల్లగా కమ్మేస్తుంది. ముక్కుకు తువ్వాలు కట్టుకుని పనిచేస్తున్న కుర్రవాళ్లను చూస్తే నాకు విగ్రహం కన్నా వాళ్ల ఊపిరితిత్తులే గుర్తొచ్చాయి. రాతిదుమ్ము పీల్చి సిలికోసిస్ తెచ్చుకున్నవాళ్ల కథలు ఏ రాతిపని ఊళ్లోనైనా వినొచ్చు. తువ్వాలు దానికి ఆనదు. పెద్దాయనతో ఆ మాటంటే, "చెప్తే వింటారా సార్, మాస్కు పెట్టుకుంటే గీత కనపడదంటారు" అన్నాడు.

సాయంత్రం ఆయన ఒక అమ్మవారి ముఖానికి నునుపు పెడుతున్నాడు. కళ్లు మాత్రం గీయలేదు. ఎందుకని అడిగాను. "ఆ పని గుళ్లో జరగాల సార్. ఇక్కడ కన్ను తెరిస్తే ఈమె ముందు చూసేది లారీనే కదా" అన్నాడు. ఈమె ఏ ఊరికి పోతుందన్నాను. ఏదో దేశం పేరు చెప్పాడు, తనకే సరిగ్గా నోరు తిరగలేదు. చోటు లేని దేవుడు ఎలా ఉంటాడో నేను చూసింది ఆ రోడ్డు పక్కనే. ఎండకూ వానకూ ఉంటాడు, దండం పెట్టినా పలకడు, ఎద్దు ఒరుసుకున్నా కోపం లేదు. ఏదో ఊళ్లో, ఏదో మలుపులో దిగి, నీళ్లలో ఒక రాత్రి, ధాన్యంలో ఒక రాత్రి పడుకుని లేచి, అప్పుడు గానీ కన్ను తెరవడు.

ఇక నా దగ్గర ఒక రాయి సంగతే మిగిలింది. మన మండలంలో రోళ్లపాడు గడ్డిమైదానం ఉంది కదా, బట్టమేక పిట్ట కోసం 1988లో సంరక్షణ కేంద్రం చేశారు. ఆ పిట్టను కళ్లారా చూసిన తరం నాది, అయ్యవారిది. ఒక ఆదివారం పిట్టను చూద్దామని బయల్దేరి, పిట్ట కనపడక, రెండూళ్ల పొలిమేరలో ఒక వంక దాటుతున్నాం. కాలి కింద బండ. వంక మీద అడ్డంగా వేసి, దాని మీదుగా ఎద్దుబండ్లు పోతున్నాయి. అయ్యవారు వంకలోకి దిగి, మెడ వంచి, బండ అడుగుభాగం చూశారు. "రా, రా" అని కేకేశారు. గుర్రం మీద వీరుడు, చేతిలో కత్తి, పైన సూర్యచంద్రులు. వీరగల్లు. బోర్లా పడుకుని ఎన్నేళ్లుగా బండ్లు మోస్తోందో.

పొలం రైతు వచ్చాడు. "మా అబ్బ కాలం నుంచి ఇది బండే సారూ, దేవుడైతే నాకు తెలీదు" అన్నాడు. నలుగురం గడ్డపారలతో లేపాం. కబురు తెలిసి వచ్చినవాళ్లలో ఒకరు మ్యూజియానికి పంపుదామన్నారు, ఒకరు బడి ఆవరణలో పెడదామన్నారు. అయ్యవారు రెండిటికీ వద్దన్నారు. వాడు ఏ ఆవుల మందకు అడ్డం నిలిచి చచ్చాడో, ఏ పొలిమేర తగాదాలో పడ్డాడో, ఇక్కడే పడ్డాడు, ఇక్కడే ఉండనీ అన్నారు. వంక గట్టు మీద, దారి వైపు ముఖం పెట్టి పాతాం. రైతుకు వంక మీదికి వేరే నాపబండ కొనిచ్చింది అయ్యవారి జేబే. తర్వాత నావైపు తిరిగి, "కొలువు" అన్నారు. మూడూళ్ల హద్దు రాయి నుంచి ఆ వీరుడి దాకా గొలుసు లాగి, నాలుగు గొలుసుల పైచిలుకు దూరం ఫీల్డు బుక్కులో రాసుకున్నాను. ఆ బుక్కు ఇదిగో, చేతిలోనే ఉంది.

ఈ సభకు వచ్చేముందు, పోయిన వారం, మళ్లీ అక్కడికి వెళ్లాను. బండ్ల దారి తారు రోడ్డయింది. వంకకు సిమెంటు గొట్టాలు వేశారు. వీరుడు ఉన్నాడు. గుర్రానికి ఎవరో వెండిరంగు పూశారు, మెడలో బంతిపూల దండ, పక్కన కాలు విరిగిన ప్లాస్టిక్ కుర్చీ. హద్దు రాయి నుంచి కొత్త స్టీలు టేపు పట్టి కొలిచాను. ఒక లింకు ఎక్కువ వచ్చింది. రోడ్డు పనిలో రాయిని ఎవరైనా జరిపారేమో. లేకుంటే ఆనాటి నా గొలుసే వాడి వాడి సాగి ఉండాలి, పాత గొలుసులు సాగుతాయి, సాగిన గొలుసు దూరాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. రెండోసారి కొలుద్దామంటే చీకటి పడింది. రేపు పొద్దున మళ్లీ పోతున్నాను. టేపు రెండో కొస పట్టుకునేవాళ్లు ఒకరు కావాలి. అరుగు మీద కాళ్లు ఊపుతున్న పిల్లల్లో ఎవరైనా వస్తారా?